ఎస్తేరు చేసిన తాడు డబ్బా

జూన్ 3, మంగళవారం

మళ్ళీ ముడిపడింది. పదకొండో మూర దగ్గర. తాడు మూతిలోంచి వస్తూ వస్తూ తన చుట్టూ తనే మెలితిరిగి ఆగిపోయింది. గట్టిగా లాగితే డబ్బా మొత్తం లేచి వచ్చింది.

ఇవాళ్టికి ఆరుసార్లు.

ఎస్తేరు బొమ్మలో ఎలా గీసిందో అలాగే చేశాను. ఖాళీ పెయింటు డబ్బా. మూతకి కన్నం. ఆ కన్నంలో నీళ్ళ సీసా మెడ కోసి బిగించడం — తాడు ఒరుసుకోకుండా. పక్కనే రంపం బ్లేడు ముక్క, తెంపుకోడానికి. లోపల కొబ్బరి తాడు ఉండ. ఉండ నడుమ బోలు ఉంటుంది కదా, అందులోంచి లోపలి కొస పైకి. నడుముకి కట్టుకోడానికి పాత చీర అంచు. అంతే. పైసా ఖర్చు లేని వస్తువు.

దానికి తాడు ఆగకుండా వచ్చింది. నా కళ్ళతో చూశాను. డిసెంబరులో, మేం తాడు పేనే షెడ్డు అరుగు మీద కూర్చుని సర్రున లాగింది. "చూడమ్మా, ఎక్కడైనా ఆగుతోందా?" అంది. నేను చూసీ చూడనట్టు పీచు దులుపుకుంటూ ఉన్నాను.

జూన్ 4, బుధవారం

ఈ నోటుపుస్తకం దానిదే. ముందు పేజీల్లో దాని బొమ్మలు, దాని రాత. నేను వెనక నుంచి రాస్తున్నాను. నాది ఐదో తరగతి. నా అక్షరాలు దాని అక్షరాల పక్కన కూర్చోకూడదు.

మనసులో ఉన్నది మనసులోనే తిప్పుకుంటుంటే ఊపిరి ఆడటం లేదు. అందుకని రాయడం.

పోయిన శనివారం నర్సరీ రాజుగారు షెడ్డుకి వచ్చారు. మేం పేనిన సన్న తాడంతా ఆయనే తీసుకుంటారు, ఆరేళ్ళుగా. మొక్కకీ కర్రకీ కట్టడానికి. వచ్చి, కారులోంచి ఒక అట్టపెట్టె దించారు. అందులోంచి నీలం ప్లాస్టిక్ తాడు కొస పట్టుకుని లాగుతూ నడిచారు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి. ఎక్కడా ఆగలేదు.

"మీ తాడు మంచిదేనమ్మా. కాదనను. కానీ ఉండ బురదలో దొర్లిపోతుంది, చిక్కుపడుతుంది, కూలోళ్ళకి సగం పొద్దు విప్పుకోడంతోనే సరిపోతోంది. మీ అమ్మాయేదో డబ్బా చేస్తానంది కదా?"

ఆయనకి తెలీదు పాపం. సత్యవతి మెల్లిగా చెప్పింది, జనవరిలో పోయిందండి, ఐదు రోజుల జ్వరం అని.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "జూన్ నెలాఖర్లోపు చూస్తానమ్మా. తరవాత ప్లాస్టిక్కే" అన్నారు.

పన్నెండు మంది ఆడవాళ్ళం. అందరూ నా వైపే చూశారు. నేను, "దాని బొమ్మ ఉందండి. నేను చేస్తాను" అన్నాను. ఎందుకన్నానో.

జూన్ 5

ఏడు. ఎనిమిది. రెండుసార్లూ ముడే.

జూన్ 6, శుక్రవారం

షెడ్డులో ఎవరూ పైకి అనరు. చిట్టెమ్మ పిన్ని ఒక్కతే అంటుంది. ఆవిడకి డెబ్భై దాటాయి, ఆవిడ నోటికి అడ్డు లేదు.

"ఏవే కరుణా, ఆ డబ్బాలో పెట్టేది తాడా, తాచుపామా? ఊరికే చుట్టలు చుట్టుకుంటాదేంటే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఐదు నెలల్లో ఇదే మొదటిసారేమో. నవ్వి, వెంటనే తప్పు చేసినట్టు అనిపించింది.

తరవాత సత్యవతి నన్ను పక్కకి పిలిచింది. మా ఆడవాళ్ళ సంఘం లీడరు తను. "వదినా, ఏవీ అనుకోకు. ఎస్తేరు తెలివైందే. కానీ ఒక్కసారి వచ్చిందని ప్రతిసారీ రావాలని లేదు కదా. బొమ్మలోనే ఏదైనా తప్పుందేమో. రాజుగారికి ముందే చెప్పేద్దామా?"

బొమ్మలో తప్పు.

ఆ మాట పట్టుకుని ఇంటిదాకా నడిచాను. కాలవ గట్టు మీద ఎవరెవరు పలకరించారో తెలీదు.

జూన్ 8, ఆదివారం

చర్చిలో ఆరాధనకి వెళ్ళాం. మా ఆయన వెనక బల్ల, నేను ముందు బల్ల. వచ్చేటప్పుడు కూడా విడివిడిగానే — ఆయన పది అడుగులు ముందు.

దాని అసలు డబ్బా ఇంట్లోనే ఉంది. దాని చేత్తో చేసింది. బీరువా పైన. లోపల ఉండలో తాడు కూడా అదే పేనింది. డబ్బా పైకెక్కించింది ఆయనే, గుడ్డ కప్పింది ఆయనే. రోజూ కొబ్బరికాయల ఒలుపు పని నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని ముందు దాని వైపు చూస్తారు, తరవాతే మంచినీళ్ళు.

అది దించి చూస్తే తెలుస్తుందేమో.

అడగలేదు.

జూన్ 9, సోమవారం

సీసా మెడ చిన్నదని పెద్ద సీసాది పెట్టాను. ముడి.

తాడుకి కొబ్బరినూనె రాశాను. ముడి. పైగా చెయ్యి జారింది.

ఉండ వదులుగా చుట్టించాను. ఇంకా తొందరగా ముడి.

బొమ్మ మళ్ళీ చూశాను. బాణం గుర్తు గీసి 'ఇటు' అని రాసింది. ఇటే పెట్టాను కదే తల్లీ. ఇటే పెట్టాను.

జూన్ 11, బుధవారం

అడిగాను.

"ఏవండీ, ఆ డబ్బా ఒకసారి దించుతారా? లోపల ఎలా పెట్టిందో చూస్తాను."

అన్నం కలుపుతున్నవారు ఆగారు. "దాని జోలికెళ్ళకు."

"చూసి మళ్ళీ పెట్టేస్తానండీ."

"అందులో తాడు అదే పేనింది. దాని చెయ్యి తగిలినట్టే ఉంది. నువ్వు లాగితే లాగినంతా పోతుంది." కంచం పక్కకి జరిపి లేచిపోయారు.

ఆయన చెప్పింది నిజమే. చక్రం మీద చుట్టిన ఉండలోంచి ఒకసారి తాడు బయటికి లాగితే మళ్ళీ లోపలికి పెట్టలేం. ఎంత చూస్తే అంత తరుగుతుంది.

కానీ బొమ్మలో తప్పుందని పదకొండు మంది అనుకుంటున్నారు. దాని పేరు మీద ఆ మాట ఉండిపోతే?

జూన్ 12, గురువారం

ఆయన పనికి వెళ్ళాక స్టూలెక్కి దించాను.

గుడ్డ తీశాను. మూత మీద నీలం పెన్నుతో చిన్న పువ్వు గీసి ఉంది. అది నేనెప్పుడూ చూడలేదు.

ప్రార్థన చేసుకుని లాగాను. ఒక మూర. రెండు. ఐదు. పది. సర్రున వస్తోంది. పదకొండు... పన్నెండు. మెలి లేదు. ముడి లేదు. ఇరవై మూరల దాకా లాగి ఆగాను. ఆపలేననుకున్నాను, ఇంకా లాగాలనే ఉంది, అలా వస్తూనే ఉంటే అది ఇంట్లో ఉన్నట్టే ఉంది.

మూత తీసి చూశాను. ఉండ నేను పెట్టినట్టే పెట్టింది. చదునుగా ఉండే వైపు కిందికి. అంతా ఒకటే.

అప్పుడు నేను పేనిన ఉండ దాని డబ్బాలో పెట్టి లాగాను. ఎనిమిదో మూరకే ముడి.

దాని ఉండ నా డబ్బాలో పెట్టాను. నాలుగు మూరలు లాగి చూశాను, అంతకన్నా మనసొప్పలేదు. సాఫీగా వచ్చింది.

అయితే తేడా డబ్బాలో లేదు. బొమ్మలో లేదు. తాడులో ఉంది.

అదే పీచు. అదే షెడ్డు. అదే చక్రం మీద సత్యవతి చుట్టిన ఉండ. మరి?

జూన్ 13, శుక్రవారం

నిన్న రాసి లేచేసరికి ఆయన గుమ్మంలో ఉన్నారు. వాన పడి ఒలుపు తొందరగా ఆపేశారట.

నేల మీద ఇరవై నాలుగు మూరల తాడు.

కేకలు వెయ్యలేదు. వేసుంటే బాగుండేది. తాడు చూశారు. నన్ను చూశారు. "చెప్పేను కదా నీకు" అన్నారు. అంతే. కూర్చుని, బయటపడిన తాడు మెల్లిగా అరచేతికి చుట్టుకున్నారు. డబ్బా బ్లేడుకి తెంపి, ముక్కలన్నీ చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఇవాళ అన్నానికి రాలేదు.

జూన్ 14, శనివారం

ఆయన జేబులోంచి జారిపడిన బెత్తెడు ముక్క గుమ్మం దగ్గర దొరికింది. దాన్నీ, నా తాడు ముక్కనీ పక్కపక్కన బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. పొద్దుటి వెలుగులో.

పురి వేరు.

నా తాడు పురి ఇటు వాలింది. దాని తాడు పురి అటు వాలింది. ఒకదాన్ని అద్దంలో చూసినట్టు ఇంకొకటి.

ముప్ఫై ఏళ్ళు తాడు పేనిన దాన్ని. ఎప్పుడూ చూడలేదు. షెడ్డులో అందరం కుడి అరచెయ్యి ముందుకి తోసి పేనుతాం. అందరి పురీ ఒకటే. వేరేది ఉంటుందని కూడా తెలీదు.

అది ఎడమ అరచెయ్యి తోసేది.

అది ఒకసారి అడిగింది కూడా. "అమ్మా, నువ్వు పేనిందీ నేను పేనిందీ ఒకలా ఉండవేంటే?" రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని వచ్చింది. నేను ఏమన్నాను? "కబుర్లు కాదు, పని చూడు" అన్నాను.

అదే రోజు, మధ్యాహ్నం

ఇది రాయకుండా ఉండలేను.

అది పుట్టుకతో ఎడమచేతి వాటం. మూడేళ్ళప్పుడు అన్నం ముద్ద ఎడమ చేత్తో తీసేది. అందరూ అనేవారు — ఆడపిల్ల, రేపు పదిమందిలో కూర్చుంటే ఏం బాగుంటుంది, ఇప్పుడే మాన్పించు అని. కొట్టాను. మానలేదు. అప్పుడు అన్నం దగ్గర కూర్చున్నంత సేపూ ఎడమ చెయ్యి నడుముకి కట్టేసేదాన్ని. పీచు తాడుతోనే. నేను పేనిన తాడుతోనే.

ఏడుస్తూ కుడి చేత్తో తినేది. గుప్పెడు కింద, మెతుకు నోట్లో. మణికట్టు మీద ఎర్రగా గీతలు పడేవి. కొబ్బరినూనె రాసేదాన్ని. మర్నాడు మళ్ళీ కట్టేదాన్ని.

ఏడాది పట్టింది. తినడం మారింది, రాయడం మారింది. గెలిచాననుకున్నాను. పీచు పేనేటప్పుడు మాత్రం అరచెయ్యి మీద అరచెయ్యి ఉంటుంది కదా, ఎవరు చూస్తారు. అక్కడ దాచుకుంది. నా ఎదురుగా కూర్చుని పదేళ్ళు పేనింది. నేను తాడు చూశాను కానీ చేతులు చూడలేదు.

జూన్ 16, సోమవారం

నిన్నంతా అదే ఆలోచన. ఆరాధనలో కూడా. పాస్టరు అయ్యగారు ఏం చెప్పారో గుర్తులేదు.

తాడు బోలులోంచి పైకి వస్తుంటే చుట్టుకి ఒక మెలిక దానంతట అది పడుతోంది. చూపుడువేలి మీద పెట్టుకుని మెల్లిగా లాగితే తెలుస్తుంది, తాడు వేలి మీద తిరుగుతుంది. మా తాడుకి ఆ మెలిక పురి వైపే పడుతోంది. పురి మీద పురి. ఎక్కువై తట్టుకోలేక ముడిపడిపోతోంది. దాని తాడుకి ఎదురు పడుతోంది, అంచేత కాస్త వదులై సాఫీగా వస్తోంది.

అయితే మా ఉండ తిరగేస్తే?

తిరగేసి కొస రెండో వైపు నుంచి పైకి తీశాను. ఉండకి పై వైపు గుండ్రం కదా, తిరగేస్తే నిలబడటం లేదు, దొర్లుతోంది. కుండ కింద పెట్టే కుదురు గుర్తొచ్చింది. పీచుతో చిన్న కుదురు చుట్టి డబ్బా అడుగున వేశాను. కూర్చుంది.

లాగాను. పది. పదిహేను. ముప్ఫై. షెడ్డు దాటి వీధిలోకి వెళ్ళిపోయాను తాడు పట్టుకుని. చిట్టెమ్మ పిన్ని అరుగు మీంచి అరుస్తోంది, "ఒసే, ఎక్కడిదాకా వెళ్తావే, అమలాపురం బస్సెక్కుతావా?"

బొమ్మలో తప్పు లేదు. అందరికీ చెప్పాను, ఎడమ చెయ్యి సంగతితో సహా. కట్టేసిన సంగతి చెప్పలేదు.

సత్యవతి, "నన్ను క్షమించు వదినా" అంది.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాలనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

జూన్ 17, మంగళవారం

రాజుగారు చెప్పకుండా వచ్చేశారు. వెంట వాళ్ళ నర్సరీ మేస్త్రి.

నేను లాగి చూపించాను. వచ్చింది. రాజుగారి మొహం విప్పారింది.

మేస్త్రి ఒప్పుకోలేదు. "మీరు చేస్తే వస్తుందండి. మా వోళ్ళు చెయ్యాలి కదండి. ఇంకో ఉండ ఇలా ఇవ్వండి." తనే మూత తీశాడు, తనే ఉండ పెట్టాడు. చదును వైపు కిందికి. ఎవరైనా అలాగే పెడతారు. అది అలాగే కూర్చుంటుంది.

"అలా కాదు బాబూ, తిరగేసి..." అనబోయాను.

రాజుగారు చెయ్యి ఎత్తారు. "చెయ్యనీండమ్మా."

తొమ్మిదో మూరకి ముడి. మేస్త్రి లాగాడు. బ్లేడు తగిలి వేలు కోసుకుంది. అబ్బా అని డబ్బా కింద పడేశాడు.

రాజుగారు నెమ్మదిగానే అన్నారు. "నా దగ్గర నలభై మంది కూలీలమ్మా. రోజుకొకరు కొత్తవాళ్ళు. ఇది ఇటు తిప్పాలి అది అటు తిప్పాలి అని ఎవరు చెప్తారు వాళ్ళకి? ఎవరు పెట్టినా రావాలి. కళ్ళు మూసుకుని పెట్టినా రావాలి."

"ఆయ్" అన్నాను.

"పై మంగళవారం లారీ వస్తుంది. అప్పటికి అయితే పంపండి."

మేస్త్రి వేలికి నేనే గుడ్డ చుట్టాను. బ్లేడు లోపలికి వంచాలి. అది ముందే ఆలోచించాల్సింది.

జూన్ 18

ఉండ మీద ఎర్రరంగుతో గుర్తు పెడదామంది సత్యవతి. బురద చేతులతో పట్టుకుంటే గుర్తేం కనిపిస్తుంది?

అందరం ఎడమ చేత్తో పేనుదామా అని చిట్టెమ్మ పిన్ని. "ఈ వయసులో నాకు ఎడమ చెయ్యి నేర్పుతారా మీరు" అని తనే మళ్ళీ.

జూన్ 19, గురువారం

పొద్దున్న డబ్బా తుడుస్తుంటే సీసా మెడ ఊడి చేతిలోకి వచ్చింది. తాడు కొస ఇంకా దాంట్లోనే ఉంది. ఉండ, కొస, కొసకి మెడ — పూసల దండకి పతకంలా వేలాడుతున్నాయి.

అలాగే ఇచ్చేస్తే?

మూతకి మెడ ఉంచకూడదు. ఉండకే ఉండాలి. ఇక్కడే, షెడ్డులోనే, సరైన వైపు నుంచి కొస తీసి, మెడలో దూర్చి, జారకుండా ముడేసి పంపాలి. కూలీ చెయ్యాల్సింది ఒక్కటే — మెడని మూత కన్నంలోకి నొక్కడం, సీసాకి బిరడా బిగించినట్టు. మెడ పైకి రావాలంటే ఉండ తిరగేసే పెట్టాలి, వేరే దారి లేదు. కళ్ళు మూసుకున్నా సరే.

బ్లేడు కూడా వంచాను, వేలు దూరకుండా.

చిట్టెమ్మ పిన్నిని పిలిచాను. "పిన్నీ, కళ్ళు మూసుకుని ఇది పెట్టు."

"నాకు కళ్ళు తెరిచినా కనపడదు, మూసుకోడం దేనికే" అంటూనే పెట్టింది. లాగింది. వచ్చింది. ఆవిడే హడలిపోయింది.

లారీలో నలభై ఉండలు వెళ్ళాలి, వాటికి నలభై మెడలు కావాలి. మంగళవారం లోపు.

జూన్ 20, శుక్రవారం

ఊరంతా తిరిగితే పదకొండు సీసాలు. అన్నీ ఒకే కొలత కావు. కన్నం కొలత ఒకటే ఉండాలి కదా.

ఆయనతో మాట్లాడి వారం. నోటుపుస్తకం బల్ల మీద మర్చిపోయాను పొద్దున. వచ్చి చూస్తే నేను పెట్టినచోట లేదు, కొంచెం పక్కకి జరిగి ఉంది.

ఆయనకి చదవడం వచ్చు.

జూన్ 21, శనివారం

మధ్యాహ్నం వాకిట్లో బస్తా దించిన చప్పుడు. ఆయన. బస్తా నిండా నీళ్ళ సీసాలు. అన్నీ ఒకటే కొలత. కొత్తపేటలో పెళ్ళి జరిగిన మండపం వెనక ఏరుకొచ్చారట. సైకిలు మీద, అంత దూరం.

"సరిపోతాయా?"

"సరిపోతాయండీ."

రంపం తీసుకుని అరుగు మీద కూర్చుని మెడలు కోయడం మొదలుపెట్టారు. నేను అంచులు నున్నగా రుద్దుతున్నాను. తరవాత తలెత్తకుండానే అన్నారు.

"చెయ్యి కట్టేసేటప్పుడు నేనూ ఇంట్లోనే ఉన్నాను. విప్పమని నేనూ అనలేదు."

ఏడుపు రాలేదు. ఏదో వదులయింది లోపల, ఎక్కడో.

"ఎన్ని మూరలు తీసేవు ఆ రోజు?"

"ఇరవై నాలుగు."

తల ఊపారు. ఇంకో సీసా తీసుకున్నారు.

జూన్ 23, సోమవారం

నలభై ఉండలు. నలభై మెడలు. ముందు చూడ్డానికి ఆరు డబ్బాలు. ప్రతి ఉండా నేనే లాగి చూసి, మళ్ళీ ముడేసి పెట్టాను. ముప్ఫై రెండోది ముడిపడింది. చూస్తే సత్యవతి కొస తప్పు వైపు నుంచి తీసింది. తొందరలో. మాకే ఇలా అయితే!

ఇద్దరిద్దరం చూసుకోవాలని పెట్టుకున్నాం. ఒకరు తీస్తే ఇంకొకరు లాగాలి.

దాని డబ్బా మళ్ళీ బీరువా పైన పెట్టారాయన. ఈసారి గుడ్డ కప్పలేదు.

జూన్ 24, మంగళవారం

లారీ వచ్చింది. వాన. పట్టా కప్పుకుని ఎక్కించాం. మేస్త్రి వచ్చాడు, వేలికి ఇంకా కట్టు ఉంది. నేను డబ్బా ఇచ్చి ఏమీ చెప్పలేదు. నోరు బిగపట్టుకుని నిలబడ్డాను. మెడ చూశాడు, కన్నం చూశాడు, నొక్కాడు. టక్కుమంది. లాగాడు. లారీ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు వానలో.

"మరే... వస్తుందండి" అన్నాడు. అంతే.

రెండు రోజులు కూలోళ్ళ చేత కట్టించి చూస్తారట. బురదలో, తడిలో. గురువారం పొద్దున్న రాజుగారు ఫోను చేస్తారు.

తడి సంగతి ఎస్తేరు బొమ్మలో లేదు. తడిసిన తాడు ఉబ్బుతుంది కదా. మెడలోంచి దూరుతుందా? నేను పొడి తాడుతోనే చూశాను అన్నిసార్లూ.

జూన్ 25, బుధవారం

బకెట్లో ముంచి చూశాను. ఒకసారి వచ్చింది. ఒకసారి పట్టేసింది. లాగితే వచ్చింది. రాజుగారి కూలీలు లాగుతారా, డబ్బా కింద పడేస్తారా?

చేతులు ఊరుకోవడం లేదు. పీచు తీసుకుని కూర్చున్నాను. ఎడమ అరచెయ్యి ముందుకి తోశాను. రావడం లేదు. పీచు జారిపోతోంది, చెయ్యి దానంతట అది కుడివైపుకే వెళ్ళిపోతోంది. చిన్నపిల్లలా అయిపోయాను. సాయంత్రానికి బెత్తెడు వచ్చింది. వికారంగా, దూదిపింజెల్లా పీచు పైకి లేచి. దాని ముక్క పక్కన పెట్టి చూశాను. పురి అటే వాలింది.

ఇరవై నాలుగు మూరలు కావాలి.

జూన్ 26, గురువారం

ఎనిమిదయింది. ఫోను లేదు.

తొమ్మిది. సత్యవతి వచ్చి వెళ్ళింది. చిట్టెమ్మ పిన్ని షెడ్డు నుంచి మనిషిని పంపింది, ఏమైందని.

ఎడమ చెయ్యి బొబ్బలెక్కింది. మూర మీద జానెడు అయింది.

పది దాటింది. ఆయన పనికి వెళ్ళలేదు. గుమ్మం దగ్గర కూర్చున్నారు, ఫోను మోకాలి మీద పెట్టుకుని.

మోగుతోంది.

ఆయనే తీశారు. "ఆయ్... ఆయ్, చెప్పండి... తడిలో కూడా వచ్చిందా అండి... ఆయ్..." అంటున్నారు. అవతలి మాట వినపడటం లేదు. ఆయన వీపు నా వైపు ఉంది. చెయ్యి చొక్కా జేబు మీద ఉంది.

"ఎవరు పేనేరనా అండి?" అంటున్నారు.